ఫ్రీ బస్సు గురించి ఇంగ్లీషులో మాట్లాడించడం: ఒక డిగ్రీ తరగతి కేస్ స్టడీ

స్పోకెన్ ఇంగ్లీష్ తరగతుల్లో సామాజిక సమస్యలను చర్చకు పెట్టడం కొత్త సంగతి కాదు. వరకట్నం, ప్లాస్టిక్ వాడకం, సోషల్ మీడియా వ్యసనం, బాల కార్మికులు అనే నాలుగైదు అంశాలు గ్రూప్ డిస్కషన్ పేరుతో ప్రతి కాలేజీలోనూ ఏటేటా తిరుగుతూనే ఉంటాయి. వాటి మీద ఏం చెప్పాలో విద్యార్థులకు ముందే తెలుసు. ‘డౌరీ ఈజ్ ఎ సోషల్ ఈవిల్’ అన్న వాక్యం హైస్కూలు వ్యాసరచన నాటి నుంచీ వాళ్ల నోట నానుతున్నదే. అది పలికేశాక మాట్లాడటానికి ఇంకేమీ మిగలదు, ఎందుకంటే ఆ గదిలో దాన్ని కాదనేవారుండరు, తమ ఇంట్లో అక్క పెళ్లికి ఎంత మాట్లాడుకున్నారో బయటపెట్టేవారూ ఉండరు. తరగతి క్రమశిక్షణగా సాగుతుంది, హాజరు పడుతుంది, ఇంగ్లీషు మాత్రం ఒక్క అడుగు ముందుకు పడదు.

ఇక్కడ నేను వివరించబోయేది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒక పట్టణపు డిగ్రీ కాలేజీలో 2024-25 విద్యా సంవత్సరంలో నేను నడిపిన ఒక చర్చాక్రమం. అంశం, తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. సామాజిక సమస్య మీద ‘నీ అభిప్రాయమేమిటి’ అని అడిగినప్పుడు మా విద్యార్థులు మూగబోయారు, లేదా నినాదాలు పలికారు. అదే సమస్య మీద ‘ఈ పరిస్థితిలో ఏం చేయాలో మీరు తేల్చండి’ అని అడిగి, తేల్చడానికి కావలసిన వివరాలను వాళ్ల చేతనే తెప్పించినప్పుడు మాట్లాడారు. ఎలా మాట్లాడారు, ఎక్కడ ఆగిపోయారు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

తరగతిలో బీఏ, బీకాం రెండో సంవత్సరం వాళ్లు కలిసి ఉన్నారు. సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవారు; కొందరు గురుకులాల నుంచి వచ్చినవారు; ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బళ్లలో చదివినవారు కొద్దిమందే గాని, ఇంగ్లీషులో జరిగే ఏ చర్చనైనా ఆక్రమించేది వాళ్లే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లే ఎక్కువ. అమ్మాయిలు జీరో టికెట్ మీద వస్తారు, అబ్బాయిలు డబ్బు కట్టి తీసుకున్న స్టూడెంట్ పాస్ మీద వస్తారు, బస్సు దొరకనప్పుడు అందరూ షేర్ ఆటో ఎక్కుతారు. తండ్రులు ఆటో నడిపే పిల్లలు కూడా ఆ తరగతిలోనే కూర్చుంటారు. అంశం ఎంపికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఈ చివరి సంగతే.

నా క్రమం మొదలవడానికి కొంతకాలం ముందు, ప్లేస్‌మెంట్ శిక్షణలో భాగంగా బయటి నుంచి వచ్చిన శిక్షకులు ఇదే అంశాన్ని ‘ఫ్రీ బస్ స్కీమ్: గుడ్ ఆర్ బ్యాడ్’ అని రెండు జట్లుగా విడగొట్టి వాదింపజేశారు. నేను వెనక బెంచీలో కూర్చుని గమనించాను. ఇంగ్లీష్ మీడియం నుంచి వచ్చిన ముగ్గురు నలుగురే సమయమంతా పంచుకున్నారు. ఒకవైపు నుంచి ‘వేస్ట్ ఆఫ్ పబ్లిక్ మనీ’, ఇంకోవైపు నుంచి ‘ఉమెన్ ఎంపవర్‌మెంట్’ అన్న రెండు మాటలు టేబుల్ టెన్నిస్ బంతిలా అటూ ఇటూ తిరిగాయి. చివర్లో సీట్ల ప్రస్తావన రాగానే తరగతి ఒక్కసారిగా తెలుగులోకి దూకింది. ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారు, కండక్టర్ ఎవరిని వెనక్కి జరగమంటాడు, ఆధార్ కార్డు మరిచిపోయిన ముసలామె దగ్గర టికెట్ డబ్బులు ఎలా తీసుకున్నాడు, ఫుట్‌బోర్డు మీద వేలాడే అబ్బాయిల బ్యాగులను లోపల కూర్చున్న అమ్మాయిలు ఒళ్లో ఎలా పెట్టుకుంటారు అన్న సంగతులన్నీ అప్పుడు బయటికొచ్చాయి. శిక్షకుడు ‘ఓన్లీ ఇంగ్లీష్ ప్లీజ్’ అన్నాడు. గది చల్లబడిపోయింది.

విషయమంతా వాళ్ల దగ్గర ఉందని, దాన్ని ఇంగ్లీషులోకి తీసుకురావడానికి కావలసిన మెట్లు మాత్రమే లేవని ఆ పది నిమిషాలు చూసినవారెవరికైనా తెలుస్తుంది.

ఈ మెట్ల గురించి దక్షిణ భారతంలోనే నలభై ఏళ్ల కిందట గట్టి పని జరిగింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో, బెంగళూరులోని ప్రాంతీయ ఇంగ్లీష్ సంస్థ కేంద్రంగా, మామూలు బళ్లలో ఒక ప్రయోగం నడిచింది. భాషాబోధన రంగంలో దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. పాఠం వెనుక పాఠంగా వ్యాకరణం చెప్పకుండా, టైమ్‌టేబుళ్లు, పటాలు వంటివి చేతికిచ్చి వాటి మీద లెక్కతేల్చే పనులు పిల్లల చేత చేయించారు. అటువంటి పనులను ప్రభు మూడు రకాలుగా విడదీశాడు: ఒకరి దగ్గరున్న సమాచారాన్ని ఇంకొకరికి అందించేవి, ఇచ్చిన వివరాల నుంచి తర్కించి కొత్త సంగతి తేల్చేవి, సొంత ఇష్టాన్నో అభిప్రాయాన్నో చెప్పేవి. ఈ మూడింటిలో ఆయన మొగ్గు తర్కించి తేల్చే పని వైపే. అభిప్రాయం అడిగే పనిలో ఏది సరైన జవాబో తేలే దారి ఉండదు కాబట్టి, భాషలో ఇంకా తడబడుతున్న విద్యార్థికి కాలు నిలవదు. మన కాలేజీల గ్రూప్ డిస్కషన్లు ఈ మూడో రకాన్ని పట్టుకుని మొదటి రెండింటినీ దాటేస్తున్నాయి; ఈ దాటవేత వల్లనే బిడియస్తులు ఇంకా బిడియస్తులవుతున్నారని నా నమ్మకం.

ఇక అంశం సంగతి. ఇంగ్లీష్ పాఠ్యపుస్తకాలు వేసే అంతర్జాతీయ ప్రచురణకర్తలు రాజకీయాలు, మద్యం, మతం, లైంగికత, మాదకద్రవ్యాలు వంటి అంశాలను తప్పించడం అందరూ ఎరిగినదే. ఎక్కడ అమ్మినా అభ్యంతరం రాకూడదన్నది వాళ్ల వ్యాపారం. తరగతి గదిలో ఆ జాబితాను యథాతథంగా పాటించనవసరం లేదు గాని, దాన్ని తిరస్కరించినంత మాత్రాన ఏ అంశమైనా ఎవరి ముందైనా పెట్టవచ్చని అర్థం కాదు. మా ప్రాంతంలో కులాంతర వివాహం, పరువు హత్య అన్నవి వార్తల్లోని మాటలు మాత్రమే కావు; ఒక విద్యార్థి నోరు విప్పితే అతని కులమేమిటో, ఆమె ఇంట్లో ఏం జరుగుతున్నదో పక్కవాళ్లకు తెలిసిపోయే అంశాలవి. రెండో భాషలో, సరైన మాట దొరకక తడుముకునే స్థితిలో ఉన్నవారిని అంతటి ప్రమాదంలోకి నెట్టే హక్కు ఇంగ్లీష్ టీచర్‌కు లేదు. ఆ అంశాలు చర్చించవలసినవే. తెలుగులో, ఇంకా ఎక్కువ నమ్మకం కుదిరిన చోట చర్చించాలి. ఫ్రీ బస్సు అందరి అనుభవంలోనూ ఉంది, ఒక్కొక్కరిని ఒక్కో రకంగా తాకింది, ఎవరి పుట్టుకనూ బయటపెట్టదు.

పైగా తేల్చుకోగలిగిన వివరాలు అందులో చాలా ఉన్నాయి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. రాష్ట్రంలో నివసించే మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవచ్చు. ఆ జీరో టికెట్ల విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాలన్నది ఏర్పాటు. అంతకు ముందే ఢిల్లీ 2019 అక్టోబరులో గులాబీ టికెట్లతోనూ, తమిళనాడు 2021 మే నెలలో ఆర్డినరీ టౌన్ బస్సుల్లోనూ, కర్ణాటక 2023 జూన్ 11న శక్తి పేరుతోనూ ఇటువంటి పథకాలు తెచ్చాయి. మహిళలకు, పిల్లలకు రాజ్యం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని రాజ్యాంగంలోని 15(3) అధికరణం చెబుతున్నది. ఇవన్నీ సులభమైన ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాల కార్డులుగా రాసుకోగలిగిన సంగతులు.

మొదటి పని బస్సులోనే జరిగింది. వారం రోజుల పాటు ప్రతి ఒక్కరూ తాము ఎక్కిన బస్సు గురించి ఒక చిన్న పట్టిక నింపాలి: ఎన్ని గంటలకు వచ్చింది, కూర్చున్నారా నిలబడ్డారా, బస్సు ఆపకుండా వెళ్లిపోయిందా, అలా వెళ్లిపోతే ఎలా వచ్చారు, ఎంత ఇచ్చారు. అభిప్రాయం రాసే గడి అందులో లేదు. బండి మీద వచ్చేవాళ్లు బస్టాండులో నిలబడి చూసి నింపారు. కొందరు వెనక రోజులవి ఒకేసారి ఊహించి నింపారని సిరా రంగు చూస్తేనే తెలిసింది. వాటిని పక్కన పెట్టాం.

రెండో పని ఆ పట్టికలను మాటల్లోకి తేవడం. ఇక్కడ తెలుగును అనుమతించాను; జంటగా కూర్చుని ముందు తెలుగులో చెప్పుకోవచ్చు, తరగతి ముందుకు వచ్చేసరికి ఇంగ్లీషులో ఉండాలి. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే పద్ధతి స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లలో ఇంకా ఉంది. దానివల్ల తెలుగు ఆగుతుందే తప్ప ఇంగ్లీషు రాదు, పైగా ఆలోచన కూడా ఆగిపోతుంది. ప్రతి వాక్యం ముందూ అది తాము చూసినదా, విన్నదా, చదివినదా చెప్పాలన్నది మా నియమం. ‘ఐ సా’, ‘ఐ హర్డ్ దట్’, ‘ఐ రెడ్ దట్’ అని మూడు నిలువు గళ్లు బోర్డు మీద గీశాను. విన్న మాటకు తెలుగులో ‘అంట’ దానంతటదే వచ్చి చేరుతుంది. మా పిల్లలు ఇంగ్లీషులోకి మారేటప్పుడు ముందుగా రాలిపోయేది అదే, అందువల్ల వాట్సాప్‌లో వచ్చినది కూడా కళ్లారా చూసినట్టు వినబడుతుంది. మూడు గళ్లూ నిండేసరికి, ‘ఆర్టీసీ మొత్తం మునిగిపోయింది’ మొదలుకొని ‘ఆడవాళ్ల జీవితాలే మారిపోయాయి’ దాకా పెద్దపెద్ద వాక్యాలన్నీ విన్నవాటి గడిలోకి చేరాయి. చూసినవాటి గడిలో చిన్న వాక్యాలున్నాయి. అవి మాత్రం చర్చకు పనికొచ్చేవి.

ఆ గడిలో తేలిన ముఖ్య సంగతి ఒకటుంది. ఎనిమిదింపావు ప్రాంతంలో వచ్చే పల్లెవెలుగులో ఊపిరాడదు, ఆ తర్వాతిది తొమ్మిదిన్నర దాటితే గాని రాదు. మధ్యాహ్నం తిరుగు బస్సుల్లో మాత్రం సీట్లు ఖాళీగానే ఉంటాయి. రద్దీకి ఉచిత ప్రయాణం ఎంత కారణమో, రెండు బస్సుల మధ్య ఉన్న ఎడం కూడా అంతే కారణమని ఆ కాగితాలు చూపించాయి. ‘బికాజ్ ఆఫ్ ఫ్రీ బస్’ అని మొదలైన వాక్యం ‘నాట్ ఓన్లీ బికాజ్ ఆఫ్ ఫ్రీ బస్, బట్ ఆల్సో’ అని సాగవలసి వచ్చింది. ఈ నిర్మాణం వాళ్ల గ్రామర్ నోట్సులో ఉన్నదే. దానితో పని పడింది మాత్రం ఆ రోజే. పాత అలవాటును చెప్పే ‘యూజ్డ్ టు’ కూడా అలాగే వచ్చింది. ‘బిఫోర్, వి ఆర్ గోయింగ్ ఇన్ ఆటో’ అంటున్న అమ్మాయికి ఇప్పుడు కూడా ఆటోలోనే వెళుతున్నావా అని పక్కమ్మాయి నిజంగానే అడిగింది. అపార్థం అక్కడికక్కడ ఎదురైనప్పుడు కాలానికి సంబంధించిన వ్యాకరణాన్ని వివరించడానికి నాకు రెండు నిమిషాలకు మించి పట్టలేదు.

మూడో పనికి రాష్ట్రాల కార్డులు వాడాం. ఒక్కో గుంపుకు ఒక్కో రాష్ట్రం కార్డు ఇచ్చి చదివించి, తర్వాత గుంపులను కలగలిపి, ఒకరి కార్డులో ఉన్నది ఇంకొకరు ప్రశ్నలడిగి రాబట్టేలా చేశాను. ఇది యాంత్రికంగానే నడిచింది. ‘వాట్ ఇయర్’, ‘విచ్ బస్సెస్’ అని అడగడం, చూసి చదవడం. ఒక్కచోట మాత్రం కదలిక వచ్చింది. శక్తి పథకంలో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు సిటీ బస్సులను మినహాయించి తన రవాణా సంస్థల బస్సుల్లో సగం సీట్లు మగవాళ్లకు కేటాయించిందన్న వాక్యం చదివిన అబ్బాయి దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమని సీట్ల మీద రాసి ఉండే బస్సుల్లో పెరిగినవాళ్లకు మగవాళ్ల సీట్లు అన్న మాటే వింతగా తోచింది. ‘రిజర్వేషన్ ఫర్ జెంట్స్!’ అని వెనక నుంచి కేక వినబడింది, అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఎన్ని సీట్లు, ఎవరికి, వృద్ధుల సంగతేమిటి అన్న ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి.

ఈ దశలో జరిగిన రెండు సంభాషణలను కొంచెం వివరంగా చెప్పాలి.

ఒక అబ్బాయి లేచి ‘లేడీస్ ఆర్ రోమింగ్ అన్‌నెసెసరీలీ’ అన్నాడు. పనిలేని తిరుగుళ్లన్న ఈ మాట బయట టీ కొట్ల దగ్గరా, మీమ్స్‌లోనూ విరివిగా వినబడేదే; తరగతిలోకి రాకుండా ఉండదు. నేను దాన్ని ఖండించలేదు, వదిలేయనూ లేదు. బోర్డు మీది మూడు గళ్లలో ఏ గడిలో రాయాలో చెప్పమన్నాను. అతను ‘ఐ సా’ అన్నాడు. ఏ బస్సులో, ఎన్ని గంటలకు, ఎంతమందిని, వాళ్లు ఎక్కడికి వెళుతున్నారో ఎలా తెలిసింది అని ప్రశ్నలు అడిగింది తోటివాళ్లే. ముందు వరసలోని ఒక అమ్మాయి, అంతకు మునుపు ఎన్నడూ గొంతు విప్పనిది, తడుముకుంటూ చెప్పిన వాక్యాలు నా ఫోన్ రికార్డింగులో ఇలా నమోదయ్యాయి: ‘మై మదర్ ఈజ్ గోయింగ్ గవర్నమెంట్ హాస్పిటల్, ఎవ్రీ మంత్, బీపీ టాబ్లెట్స్. నో బ్యాగ్, నో కూలీ వర్క్ దట్ డే. యూ సీ హర్, యూ థింక్ రోమింగ్.’ అబ్బాయి కొంచెంసేపు ఆగి, ‘సమ్ లేడీస్. ఇన్ మై బస్. ఐ డోంట్ నో వేర్ దే గో’ అన్నాడు. అతని అభిప్రాయం మారిందని నేను చెప్పను. మర్నాడు క్యాంటీన్‌లో అదే మాట అతను తెలుగులో అని ఉండవచ్చు. వాక్యం మాత్రం మారింది. అందరూ, ఎప్పుడూ అన్న మాటలు పోయి కొందరు, నా బస్సులో, నాకు తెలియదు అన్న మాటలు వచ్చాయి. మాటను తగుమాత్రం తగ్గించి చెప్పడం ఇంగ్లీషులో పైస్థాయి నైపుణ్యమని పాఠ్యప్రణాళికలు చివరి సెమిస్టర్‌కు నెట్టేస్తాయి. ‘సమ్’ అన్న ఒక్క మాటతో రెండో సంవత్సరంలోనే అది మొదలుకావచ్చు.

రెండోది ఆటో డ్రైవర్ కూతురి మాట. పథకం మొదలైన కొద్ది వారాలకే తెలంగాణలో ఆటో సంఘాలు రోడ్డెక్కిన సంగతి, అధికారంలోకి వచ్చిన పార్టీ తన మ్యానిఫెస్టోలో ఆటో డ్రైవర్లకు ఏటా రూ.12,000 ఇస్తామని చెప్పి ఉండటం తరగతి అంతటికీ తెలుసు. ఒక గుంపు ఆటోవాళ్ల నష్టం గురించి పుస్తకంలోని పేరా చదివినట్టు చెబుతుండగా, ఈ అమ్మాయి మధ్యలో కల్పించుకుంది. ‘మై ఫాదర్ లాస్ట్. ఐ సేవ్. బోత్ సేమ్ హౌస్.’ ఆమె అన్నవి ఆ మూడు ముక్కలే. నాకు తెలిసినంతలో ఆ పథకం మీద అంతకంటే సూటిగా ఎవరూ మాట్లాడలేదు. వాక్యాన్ని సరిదిద్దకుండా అలాగే బోర్డు మీద రాసి, దీన్ని అర్థం చెడకుండా పొడిగించమని గుంపులకు ఇచ్చాను. ‘మై ఫాదర్ హ్యాజ్ లాస్ట్ సమ్ ఆఫ్ హిజ్ పాసింజర్స్’ అని ఒకరు, ‘వైల్ ఐ సేవ్ ద ఫేర్’ అని ఒకరు చేర్చారు. ‘లాస్ట్’ దగ్గర ఏం పోయిందో చెప్పాలా అక్కర్లేదా అన్న దాని మీద కాసేపు వాదన నడిచింది. చివరికి ఆ అమ్మాయినే అడిగారు. ఆమె తెలుగులో, ‘మా నాయిన ఇప్పుడు పొద్దుగాల కాలేజీ పిల్లలను ఎక్కించుకుంటలేడు మేడం, కూరగాయల లోడు ఏస్తుండు’ అన్నది. దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి తరగతి అంతా కలిసి కుస్తీ పట్టింది. ఒక మనిషి చెప్పిన నిజమైన సంగతిని సరిగ్గా చెప్పాలన్న పట్టుదల ఉన్నప్పుడు ఆర్టికల్స్, ప్రిపొజిషన్ల మీద విద్యార్థులు చూపే శ్రద్ధ వేరుగా ఉంటుంది. ఆమె ఇంటి విషయం కాబట్టి, ఆ వాక్యాన్ని బోర్డు మీద ఉంచవచ్చా అని ముందుగా ఆమెను అడిగాను. చర్చలో ఎవరి ఇంటి సంగతినైనా వాళ్లు తెచ్చినంత మేరకే వాడుకోవాలన్నది మిగతావారికి కూడా నియమం.

నాలుగో పని నిర్ణయం. డిపోకు ఉదయంపూట ఒక్క అదనపు ట్రిప్పు వేసే వీలు మాత్రమే ఉందనుకుని, వాళ్ల పట్టికలను ఆధారం చేసుకుని, మూడు రూట్లలో దేనికి, ఎన్ని గంటలకు వేయాలో ప్రతి గుంపూ ఒకే మాటగా తేల్చాలి. గుంపులో ఒకే ఊరివాళ్లు ఇద్దరు ఉండకుండా చూశాను. లేకపోతే ఎవరి ఊరికి వాళ్లు ఓటేసి లేచిపోతారు. ఎవరైనా మాట్లాడేముందు అంతకు ముందు మాట్లాడినవాళ్ల మాటను ‘యూ సెడ్ దట్’ అంటూ ఒక వాక్యంలో తిరిగి చెప్పి, వాళ్లు ఔనన్నాకే తన మాట మొదలుపెట్టాలి. ఈ షరతు వల్ల వేగం బాగా తగ్గింది. బాగా మాట్లాడగలవాళ్లకు ఇది కష్టమైంది, ఎందుకంటే వాళ్లు వినే అలవాటు లేనివాళ్లు. బెరుకుగా ఉన్నవాళ్లకు మాత్రం మొదటి వాక్యం అరువు దొరికింది.

గుంపుల నిర్ణయాలను పక్క సెక్షన్ విద్యార్థులు డిపో కమిటీగా కూర్చుని విని, ప్రశ్నలు వేశారు. అసలు డిపోకు వినతిపత్రం తెలుగులోనే రాసి ఇచ్చాం, చదివే అధికారికి ఏ భాష అనువో అదే సరైన భాష కాబట్టి. ట్రిప్పు సమయం ఆ సెమిస్టర్‌లో మారలేదు.

సహోద్యోగుల్లో కొందరికి ఈ అంశం పట్ల జంకు ఉండింది. పథకం ఒక పార్టీ పేరుతో ముడిపడి ఉంది, రేపు తరగతిలో ఎవరో వీడియో తీసి పెడితే ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు చర్చలో ఎత్తకూడదని మొదటి రోజే చెప్పాను. రికార్డింగులు నా ఫోన్‌లో మాత్రమే, అందరి అనుమతితో, మూల్యాంకనం అయ్యాక చెరిపేసే షరతు మీద జరిగాయి. ‘మీరేమంటరు మేడం’ అని విద్యార్థులు పదేపదే అడిగారు. మార్కులు వేయడం పూర్తయ్యేదాకా చెప్పలేదు, తర్వాత దాచలేదు: పథకాన్ని నేను సమర్థిస్తాను, దానికి తగినన్ని బస్సులు పెంచకపోవడాన్ని సమర్థించను. మార్కులు ఇచ్చే మనిషి ముందే తన పక్షం చెబితే మన పిల్లలు మర్యాద కొద్దీ ఆ పక్షానికే వస్తారు. అది చర్చ అనిపించుకోదు.

మూల్యాంకనంలో అభిప్రాయానికి మార్కులు లేవు. చెప్పిన మాటకు ఆధారం చూపడానికి, ఎదుటివారి మాటను వక్రించకుండా తిరిగి చెప్పడానికి, అర్థమయ్యేలా చెప్పడానికి మార్కులున్నాయి. ప్లేస్‌మెంట్ డిబేట్ రోజున నేను రాసుకున్న నోట్సునూ, చివరి పని రికార్డింగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మాట్లాడినవారి సంఖ్య స్పష్టంగా పెరిగింది, ఒక్కొక్కరు ఆపకుండా మాట్లాడిన నిడివి పెరిగింది, ముఖ్యంగా తెలుగు మీడియం అమ్మాయిల విషయంలో. తప్పులు తగ్గలేదు. ఆర్టికల్స్ ఎప్పటిలాగే జారిపోతున్నాయి; ‘యూజ్డ్ టు’ చాలామందికి పట్టుబడింది గాని కొందరు దాన్ని ఇప్పటి అలవాట్లకు కూడా తగిలిస్తున్నారు. వారానికి రెండు తరగతులతో ఒక సెమిస్టర్‌లో వ్యాకరణం చక్కబడుతుందని ఆశించడం కూడా సబబు కాదు. చివరిదాకా నోరు విప్పనివాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు పట్టికలు అందరికంటే శ్రద్ధగా నింపినవారే కాబట్టి, వాళ్ల మౌనాన్ని ఆసక్తి లేకపోవడంగా నేను లెక్కగట్టలేదు. వాళ్ల కాగితాలను గుంపు నాయకుల చేత చదివించి ఆధారానికి ఉన్న మార్కులు ఇచ్చాను.

ఈ క్రమానికి ఖర్చు లేదు గాని సమయం చాలా తింటుంది. సిలబస్ పూర్తి చేయాల్సిన ఒత్తిడిలో ఇటువంటిది సెమిస్టర్‌కు ఒక్కటి పెట్టుకోగలిగితే ఎక్కువ. మా జిల్లాలోనే ఫ్లోరైడ్ నీటి అంశాన్ని ఇదే పద్ధతిలో చేయవచ్చని అనుకుంటున్నాను. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి అన్న భారత ప్రమాణం పక్కన పెట్టుకుని, తమ ఊరి నీటి పరీక్ష ఫలితాలు తెచ్చి మాట్లాడగలిగిన పిల్లలు ఆ మండలాల నుంచి వస్తున్నారు. నడుము వంగిన తాతలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు కూడా ఉంటారు కనుక, ఎవరి ఇంటి సంగతి ఎంతవరకు అన్న నియమం అక్కడ ఇంకా గట్టిగా ఉండాలి.

కొత్త బ్యాచ్‌కు బస్సు అంశాన్నే ఇంకో మలుపుతో ఇస్తున్నాను. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆ అక్టోబరులోనే అక్కడి ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు రూ.15,000 చొప్పున సాయం ఇచ్చింది. మా కార్డుల్లో అది కూడా చేరింది. రెండు పథకాలూ తమ తమ రాష్ట్రాల్లో నివసించేవారికే వర్తిస్తాయి, తెలంగాణ జీరో టికెట్ రాష్ట్ర సరిహద్దు దాకానే చెల్లుతుంది. కోదాడలో అత్తారిల్లు, జగ్గయ్యపేటలో పుట్టిల్లు ఉన్న ఒకామె, తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న ఆమె, ఆంధ్ర చిరునామాతో ఉన్న తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి రావాలంటే ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి టికెట్ కొనాలి, బస్సు సరిహద్దు దగ్గర మారితే మేలా, ఒకే బస్సులో వెళితే మేలా అన్నది ఇప్పుడు వాళ్ల ముందున్న పని. ఇద్దరు ముగ్గురు అప్పుడే ‘బట్ మేడం, వాట్ ఇఫ్ షి ఛేంజెస్ హర్ ఆధార్’ అని అడగడం మొదలుపెట్టారు.